కోనేటి గట్టున ఎన్నాళ్లు? తెలుగు సంఘాల కాపరులకు ఒక బహిరంగ లేఖ



ఒంగోలు దగ్గర ఒక పల్లెలో, బాప్టిస్టు ఇంట్లో పుట్టాను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం మందిరంలో ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుంటాను. మోకాళ్లు మొరాయించాక చాప మీంచి ప్లాస్టిక్ కుర్చీలోకి మారాను గానీ వరస మారలేదు. మీ ప్రసంగాలు అక్కణ్ణుంచే వింటుంటాను. కూటం అయ్యాక ఒక మాట చెబుదామని చాలాసార్లు లేచాను. లేచేసరికే మీ చుట్టూ తలల మీద చేతులు పెట్టించుకునేవాళ్లు మూగి ఉంటారు. మా పాస్టరు గారొక్కరికే అయితే ఇంటికెళ్లి, అమ్మగారు ఇచ్చే కాఫీ తాగుతూ చెప్పేదాన్ని. ఇది ఒక్కరితో తీరే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

పోయిన నెల ఉపవాస కూటంలో ఒక చెల్లెమ్మ సాక్ష్యం చెప్పింది. అత్తగారి పోరు, తోడికోడలి చేతబడి, చేతిదాకా వచ్చి జారిపోయిన అంగన్‌వాడీ ఉద్యోగం. చెబుతూ ఏడ్చింది, మేమూ కళ్లు తుడుచుకున్నాం. చెప్పొచ్చేదేమిటంటే ఆ సాక్ష్యం నాకు ఆరేళ్లుగా తెలుసు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గొంతు పూడుకుపోతుందో, మేం ఎక్కడ స్తోత్రం అనాలో అన్నీ తెలుసు. ఆమె "ఆ రాత్రి" అనగానే నా పక్కన కూర్చున్న ఏడేళ్ల పిల్ల నెమ్మదిగా "వాన" అంది. మరుక్షణం మైకులో "ఒకటే వాన" అని వినిపించింది. ఆ పిల్ల ఆమె కూతురే. తల్లి కష్టం పిల్లకు ఎక్కంలా కంఠతా వచ్చేసింది.

ఆ చెల్లెమ్మను ఎత్తిపొడవడానికి ఇది రాయడం లేదు. పదకొండేళ్లు ఆ మైకు నా చేతిలోనే ఉంది. ఆ సంగతీ చెబుతాను.

ముందు యోహాను సువార్త ఐదో అధ్యాయం. మీలో ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా చెప్పే భాగం. యెరూషలేములో గొర్రెల ద్వారం దగ్గర బేతెస్ద కోనేరు, దానికి ఐదు మంటపాలు, వాటి నిండా, నీళ్లు కదలగానే ముందు దిగితే నయమవుతుందని కాచుకున్న రోగులు. ముప్పై ఎనిమిదేళ్లుగా మంచాన పడ్డ మనిషి దగ్గరికి యేసు వచ్చి, బాగుపడాలని ఉందా అని అడిగాడు. అవునో కాదో చెబితే తేలిపోయే ప్రశ్న. ఆ మనిషి అవునూ అనలేదు, కాదూ అనలేదు. నీళ్లు కదిలినప్పుడు దించే దిక్కు లేదనీ, తను దేకుతూ వెళ్లేలోపు ఇంకెవరో దిగిపోతున్నారనీ చెప్పుకొచ్చాడు. ఆయన ప్రశ్న అడిగితే ఇతను కథ చెప్పాడు.

ఆ కథలో అబద్ధం ఒక్కటీ లేదు. దించేవాడు లేని మాట నిజం, ముందు దిగినవాళ్లు దిగిన మాటా నిజం. యేసు ఆ మాటను కొట్టిపారేయలేదు, నీ తప్పేనని దెప్పలేదు. అసలు ఆ కథను విచారణకే తీసుకోలేదు. లేచి పరుపెత్తుకుని నడవమన్నాడు. మనం అక్కడితో ఆమెన్ చెప్పి కానుక పట్టేస్తాం. ఆ తర్వాతి వచనాలు చాలామంది చదవరు. ఆ రోజు విశ్రాంతి దినం. పరుపు మోస్తున్నావేమిటని అధికారులు అతణ్ణి రోడ్డు మీదే నిలదీశారు. ముప్పై ఎనిమిదేళ్లు పడుకున్నంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. లేచిన రోజే తగువు మొదలైంది. ఈ ముక్క మీరు గట్టిగా చెప్పాలి. లేస్తే కష్టాలు పోతాయని చెబుతున్నారు గానీ, లేచాక వచ్చే కష్టాలు వేరని చెప్పడం లేదు.

అడిగినదానికి కథే జవాబుగా చెప్పే ఈ అలవాటును పట్నంలో కౌన్సెలింగు చేసేవాళ్లు బాధిత మనస్తత్వం అంటారట. మా పల్లెలో ఏడుపుగొట్టుతనం అంటారు. రెండు మాటలూ నాకు నచ్చవు. మొదటిది ఏదో జబ్బు పేరులా ఉంది, రెండోది తిట్టు. దెబ్బ తగలడం ఒకటి, ఆ దెబ్బనే ఇంటిపేరు చేసుకోవడం ఇంకొకటి. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

నా సంగతి. మా నాన్న 1998లో వీలునామా రాయకుండా పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. ఉన్నది ఆరు సెంట్ల స్థలం, అందులో పెంకుటిల్లు. నాన్న పోయిన మూడో నెలకల్లా అన్నయ్య ఇంటిపన్ను తన పేర మార్పించుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. ప్రభురాత్రి భోజనం పళ్లెం వచ్చినప్పుడు ముట్టకుండా పక్కావిడకు అందించేదాన్ని, సహోదరుడి మీద పగ ఉండగా తీసుకోకూడదని. చూశారా, అందులోనూ ఒక భక్తి. ప్రార్థన మనవుల పెట్టెలో ప్రతి శుక్రవారం నా చీటీ ఉండేది. మెల్లమెల్లగా అన్నీ ఆ ఖాతాలోకే వెళ్లాయి. దూరపు బడికి బదిలీ అయినా అన్నయ్య వల్లే, మావాడికి ఎంసెట్‌లో ర్యాంకు రాకపోయినా, బీపీ పెరిగినా అన్నయ్య వల్లే. చిన్నప్పుడు బడిలో కుండ ముట్టనివ్వకుండా, పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన నీళ్లు కూడా ఎలాగో తెచ్చి ఆ మూటలోనే కట్టాను. దానికీ మా అన్నకూ సంబంధం ఏమిటి? పాపం వాడూ అదే బడిలో దోసిలి పట్టినవాడే.

మా సంఘంలో ఒక ముసలి బైబిలు స్త్రీ ఉండేది, వరసకు పెద్దమ్మ. చదువు వానాకాలం చదువే గానీ వాక్యం మొత్తం నోట్లో ఉండేది. 2009లో ఒకరోజు వాళ్ల అరుగు మీద బియ్యంలో రాళ్లేరుతోంది. పక్కన కూర్చుని నేను మొదలుపెట్టాను. చివరిదాకా విన్నది. చేట ఒకసారి చెరిగి, తలెత్తకుండా అడిగింది.

"నీకు ఆ ఇల్లు కావాలా, ఆ కథ కావాలా?"

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. మూడో నెలలో ఒంగోలులో ఒక వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. తండ్రి వీలునామా లేకుండా పోతే భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. భార్య లేకపోతే మొత్తం పిల్లలకే సమానంగా. అన్నకెంతో నాకూ అంతే. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, ఆ పదకొండేళ్లలో ఆ ఒక్క ముక్క తెలుసుకోవాలని నాకు ఎన్నడూ తోచలేదు. తెలిస్తే కథ అయిపోతుంది కదా!

ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడే అడిగాను, నా వాటా సంగతేమిటని. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నువ్వెప్పుడు అడిగావు?"

అడగలేదు. ఊరందరికీ చెప్పాను, దేవుడికి చెప్పాను, వాణ్ణి మాత్రం అడగలేదు. ఏడాది పట్టింది, పెద్దమనుషులు కూర్చున్నారు, మాటలు తూలాయి. చివరికి ఇంటి వెనక వేపచెట్టున్న రెండున్నర సెంట్లు నా పేర రిజిస్టరు చేశాడు. లెక్క ప్రకారం మూడు రావాలి. అర సెంటు వదిలేశాను. అది క్షమాపణో, అలసటో నాకే తెలియదు. తను తప్పు చేశానని వాడు ఈనాటికీ అనడు. వదిన పలకరింపు అంతంత మాత్రం. ఆ మరుసటి ఆదివారం పళ్లెం వస్తే రొట్టె తీసుకున్నాను. చెయ్యి వణికింది, అంతే. ఆకాశమేమీ తెరుచుకోలేదు.

ఇది ఒక ఇంటి గొడవ, దీన్ని పట్టుకుని కులపు దెబ్బల సంగతి ఎలా తేలుస్తావని మీలో పెద్దలు అడగొచ్చు. అడగాల్సిందే. అందుకే మన తాతల దగ్గరికి వెళదాం.

మా ప్రాంతంలో ఈ విశ్వాసాన్ని ముందుగా ఇళ్లిళ్లకూ మోసినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడేనాటికి ఉన్నది ఎనిమిది మంది. చేరినవాళ్లు మొదట నేర్చుకున్న సంగతుల్లో మూడు వద్దులున్నాయి: విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన గొడ్డును తినవద్దు, ఆదివారం పనికి పోవద్దు. మొక్కవద్దంటే జాతరలో డప్పు కొట్టడానికి కూడా పోనట్టే. చెప్పడానికి చిన్నవే. కానీ ఊళ్లో ఎవరు కబురంపినా తల వంచుకుని పరుగెత్తాల్సిన మనిషి, కరణం ముందు నిలబడి "ఆదివారం రాం" అన్నాడంటే ఆ పొద్దు ఊరు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. కొన్ని ఊళ్లలో బజారులోకి రానివ్వలేదు, నీళ్లు పట్టుకోనివ్వలేదు, పని ఆపేశారు. లేచిన రోజే తగువు అన్నాను కదా, అదే. మన విశ్వాసం మన తాతల నోట పెట్టిన మొదటి మాట హల్లెలూయ కాదని నాకనిపిస్తుంది. ఆ మాట "రాం".

తర్వాత వచ్చింది 1876–78 కరువు. మా ముసలివాళ్లు ధాత కరువు అనేవారు. ఆ రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోసి కూర్చోబెట్టలేదు. పలుగూ పారా ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. సంఘంలోని బోధకులు పని చేయించే మేస్త్రీలయ్యారు, పగలు మట్టి, సాయంత్రం వాక్యం. ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. కూడు కోసం కలుస్తున్నారన్న మాట పడకూడదని, కరువు రోజుల్లో పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు. వాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఆయన ఆపుతూనే ఉన్నాడు. కరువు తెరిపిన పడ్డాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అప్పటికి కాలువ పని అయిపోయింది, చేతికి వచ్చే కూలి లేదు. అయినా వచ్చారు. మనల్ని ఇవాళ ఎవరైనా బియ్యపు క్రైస్తవులంటే ఉడుక్కుంటాం. నేను ఉడుక్కోను. నవ్వి, ఆ పదిహేను నెలల సంగతి చెబుతాను.

బియ్యం అంటే గుర్తొచ్చింది. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో జరిగిన మహాసభలో, పేదలకు మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులుగా రండని తెల్లదొరల ముఖం మీదే అడిగిన మనిషి. ఏడుపూ కాదు, బతిమాలడమూ కాదు, సమానుడిగా అడిగారు. ఆయన సంఘాలు మాల మాదిగ పల్లెలు, ఒకపూట తిని ఒకపూట పస్తుండేవాళ్లు. వాళ్ల చేత ఆయన పిడికెడు బియ్యం తీయించారు. అన్నానికి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా పెట్టి ఆదివారం మందిరానికి తేవాలి. ఈ అలవాటు మన సంఘాల్లో చాలాచోట్ల ఉండేది, మా ఇంట్లోనూ ఉండేది. మా నానమ్మ ముంతకు చిన్న మట్టి మూత ఉండేది. బియ్యం నిండుకున్న రోజు కూడా ఆ ముంతలోది ముట్టేది కాదు. "అది మనది కాదే, మనం ఇచ్చేది" అనేది. ఊరంతా అడుక్కునేవాళ్లుగా చూసిన ఇంట్లో, ఇచ్చేది అంటూ ఒక ముంత ఉండడం! దయనీయులం అన్న మాట ఆమె చేత ఎవరు ఒప్పించగలరు?

ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటో చూడండి, నొచ్చుకోకండి. సాక్ష్యం చెప్పేవాళ్లలో ఎవరి కష్టం పెద్దదైతే వాళ్లకు ఎక్కువ సమయం. యూట్యూబులో పెడతారు, బొమ్మ మీద కన్నీళ్లూ ఎర్ర అక్షరాలూ. ఉద్యోగం రాలేదంటే శత్రువు అడ్డుకున్నాడంటారు. దరఖాస్తు గడువు దాటాక పంపాడన్న సంగతి అడగరు. కాపురం చెడిందంటే ఎవరో ఏదో పెట్టారంటారు. ప్రతి ఇంటి వెనకా ఒక శత్రువును నిలబెట్టి, ఆ శత్రువు నుంచి కాపాడే ప్రార్థన మీ దగ్గరే ఉందని చెబితే, మనుషులు మళ్లీ వారం వస్తారు. నిజమే, వస్తారు. కోనేటి గట్టు నిండుగానే ఉంటుంది.

హింస అన్న మాట కూడా కాస్త చూసుకుని వాడండి. రాత్రి పది దాటాక మైకు ఆపమన్న ఎస్సై హేరోదు కాడు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు వద్దన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. గుడికీ మసీదుకూ పెళ్లికీ అదే. మైకు ఆపితే హింస అంటే, 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో జీపులో తగలబడిన తండ్రికీ ఇద్దరు పిల్లలకూ ఏ మాట మిగులుతుంది? ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌తో పాటు పోయిన పిల్లల్లో పెద్దవాడికి పదేళ్లు, చిన్నవాడికి ఆరు. ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమించానన్నది. దాన్ని మనం కొన్ని వందల ప్రసంగాల్లో విన్నాం. మనం చెప్పనివి రెండున్నాయి. క్షమించడం వేరు, చట్టం తన పని చేయడం వేరని ఆమె విడదీసి చెప్పింది. ప్రధాన ముద్దాయికి యావజ్జీవాన్ని సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. రెండోది, ఆమె వెంటనే ఆస్ట్రేలియా వెళ్లిపోలేదు. మరో అయిదేళ్లు బారిపదలోనే, భర్త నడిపిన కుష్ఠు రోగుల ఆశ్రమం పని చూసుకుంటూ ఉండిపోయింది. ప్రపంచం ఆమెకు బాధితురాలి కుర్చీ వేసి పెట్టింది. ఆమెకు అందులో కూర్చునే తీరిక దొరకలేదు.

ఇక్కడిదాకా చదివి కొందరు కాపరులు సంతోషపడుతూ ఉండొచ్చు, ఇక సణుగుడు వద్దు, ఓర్చుకోండి, క్షమించండి అని చెప్పడానికి మంచి సరుకు దొరికిందని. ఆగండి. మీతో అసలు తగువు అక్కడే ఉంది.

మొగుడు తాగొచ్చి కొడితే కన్ను వాచి వచ్చిన పిల్లకు, నీ సిలువ నువ్వు మోసుకో అమ్మా అని చెప్పి పంపిన కాపరిని నేను చూశాను. పేరు ఎందుకులెండి. ఆ పిల్లకు చదివి వినిపించాల్సింది అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం. ఫిలిప్పీలో పౌలునూ సీలనూ విచారణ లేకుండా బజార్లో బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేశారు. నడిరాత్రి వాళ్లు పాటలు పాడారు, భూకంపం వచ్చింది. మన ప్రసంగాలన్నీ ఆ భూకంపం దగ్గర ఆగిపోతాయి. తెల్లారాక జరిగింది చూడండి. వీళ్లను గప్‌చుప్‌గా పంపేయమని అధికారులు కబురంపారు. పౌలు కదలలేదు. మేం రోమా పౌరులం, అందరి ముందూ కొట్టించి ఇప్పుడు దొంగచాటుగా పొమ్మంటారా, వాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. వాళ్లు హడలిపోయి, వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాడిన నోరే పొద్దున చట్టం మాట్లాడింది. చెంప మీద కొట్టిన బంట్రోతును యేసు కూడా, తప్పు మాట్లాడి ఉంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. మరో చెంప చూపించమన్న ఆయనే. ఆ పిల్లకు 2005 నాటి గృహహింస చట్టం ఉంది. దాని గురించి చెప్పడం విశ్వాసానికి తక్కువ పని కాదు.

అడగడమంటే ఏమిటో 1985 జూలైలో కారంచేడు చూపించింది. తాగే నీళ్ల చెరువును గేదెల కుడితితో పాడుచేస్తున్నారని అడిగినందుకు గొడవ మొదలైంది. కొరడా లేచినప్పుడు ఒక మాదిగ యువతి తన నీళ్ల బిందె ఎత్తి అడ్డం పెట్టింది. ఆమె పేరు సువార్త. ఆ మర్నాడు, 17న, ఊళ్లో పైకులపువాళ్లు ఆరుగురు మాదిగలను చంపారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కణ్ణుంచే దళిత మహాసభ పుట్టింది, 1989లో అట్రాసిటీల చట్టం రావడం వెనకా ఆ నెత్తురుంది. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 23 ఏళ్లు పట్టింది. ఆ 23 ఏళ్లు ఆ కేసును భుజాన మోసినవాళ్లను ఏడుపుగొట్టువాళ్లు అనగలరా? న్యాయం అడిగేవాడికి చివర ఒక కోరిక ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది, ఎవరిని అడగాలో తెలుసు. కథ చెప్పుకునేవాడికి వినేవాళ్లుంటే చాలు. నాకు అన్నయ్య గుమ్మంలో తెలిసివచ్చిన తేడా ఇంతే.

మనకు అలా అడగాల్సిన పెద్ద సంగతి ఒకటి ఇంకా మిగిలే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను బీసీ–సి అన్నారు. మందిరంలో ఒక పేరూ సర్టిఫికెట్లో ఇంకో మతమూ పెట్టుకుని బతికే ఇళ్లు ఎన్నో మీకు నాకంటే బాగా తెలుసు. ఇది అన్యాయమని నా నమ్మకం. అంటరానితనం బాప్తిస్మపు నీళ్లలో కరిగిపోదు, మన సమాధుల తోటల్లోనే కులాల గోడలున్నాయి. కాబట్టి కోర్టులో, కమిషన్ల ముందు అడుగుదాం. కానీ ఆ గోడలను కట్టింది మనమేనన్న సంగతి కూడా అదే ఊపిరిలో ఒప్పుకుందాం. మాలల చర్చి, మాదిగల చర్చి అని ఊరికి రెండు కట్టుకుని, బయటివాళ్లు మనల్ని వేరుగా చూస్తున్నారని ఏడిస్తే వినేవాళ్లకు నవ్వు రాదూ?

లూకా సువార్త చివరి అధ్యాయం నాకు ఇష్టం. తిరిగి లేచిన యేసు శిష్యుల మధ్యకు వచ్చాడు, వాళ్లు దయ్యమనుకుని బెదిరారు. చేతులూ కాళ్లూ చూపించాడు. గాయాలు ఉన్నాయి, మాసిపోలేదు. ఆ గాయాల గురించి మాట్లాడాలంటే ఆ రాత్రంతా మాట్లాడొచ్చు. పారిపోయినవాళ్లంతా ఎదురుగానే ఉన్నారు, ఎరగనన్న పేతురూ ఉన్నాడు. ఆయన చూపించి, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేపముక్క ఇస్తే వాళ్ల ముందే తిన్నాడు. సముద్రం ఒడ్డు మనుషులం కదా, నాకు ఆ చేప వాసన తెలుస్తుంది. ఒక్కసారి చూపించి, తర్వాత అన్నం సంగతి చూడడం. గాయాన్ని దాచనూ లేదు, దాని మీద బతకనూ లేదు. దీని మీద ఒక ప్రసంగం చెప్పండయ్యా, వినాలని ఉంది.

ఇక నా విన్నపాలు. సాక్ష్యం చెప్పేవాళ్లను ఆపవద్దు, కొత్త గాయం ఉన్నవాళ్లను అసలే ఆపవద్దు. మూడో ఏడు కూడా అదే చెబితే మాత్రం పక్కకు పిలిచి, మా పెద్దమ్మలా ఒక ప్రశ్న అడగండి. కోపం వస్తుంది, రానివ్వండి. ఆ చెల్లెమ్మను ఆదివారం బడిలో చిన్నపిల్లల తరగతికి పెట్టండి. ఆమె కథ చెప్పే తీరు మామూలుది కాదు, యోసేపు కథ ఆమె నోట వింటే పిల్లలు కదలరు. పిడికెడు బియ్యం ముంతలు మళ్లీ పెట్టించండి, ఇప్పుడు రేషన్ బియ్యమే అయినా సరే.

ఇంకొకటి. మందిరం గుమ్మం పక్కన ప్రార్థన మనవుల పెట్టె పైన గోడ ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒక నల్లబల్ల పెట్టండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి ఆ బల్ల మీద రాయించండి. మా మందిరం బల్ల మీద నేనే రాస్తాను. మోకాళ్లు పోయాయి గానీ నా అక్షరం ఇంకా గుండ్రంగానే ఉంది. సుద్దముక్కలు కూడా నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మూడో వరసలో కూర్చునే మీ సంఘ సభ్యురాలు